ఖాళీలను పూరించండి

చందంపేట హైస్కూలుల తొమ్మిదో తరగతి,
ఇరవై ఎనిమిది పేపర్లు.
ఎర్ర పెన్ను కక్కి వేలంతా అంటుకున్నది.
ఒక్కో గీత మీద ఒక్క చిన్న మాట కూసోవాలె, అంతే.
ఆన్, ఆఫ్, ఎట్, టు, ఫర్.
గోరంత మాటలు.
పోయే మార్కులు మాత్రం గోరంత కావు.

మన తెలుగుల ఈ గోస లేదు.
కి, లో, తో, కోసం
మాట ఎనుకనే వస్తయి,
బర్రె ఎనుక దుడ్డె వచ్చినట్టు. పిలువకున్నా వస్తయి.
ఇంగ్లీషుల క్రియ ఫుట్‌బోర్డు మీద నిలబడి
ఎవర్ని ఎక్కనియ్యాలో తనే చెప్తది,
దేవరకొండ బస్సు కండక్టర్ లెక్క.
వెయిట్ అంటే ఫర్ ఎక్కాలె.
డిపెండ్ అంటే ఆన్.
డిస్కస్ అంటే ఎవ్వరూ ఎక్కొద్దు,
సీట్లన్నీ ఖాళీ ఉన్నా సరే.

నేను పద్దెనిమిదేండ్లు డిస్కస్ అబౌట్ అనుకుంటనే పాఠం చెప్పిన.
తనిఖీకి వచ్చినాయన ముందరనే అన్న.
ఆయన గూడ అబౌట్ పెట్టే జవాబిచ్చిండు.
ఇద్దరం చాయ్ తాగినం.

అరైవ్‌కు ఎట్ పెట్టాలె, రీచ్‌కు పెట్టొద్దు.
ఎందుకు సార్, రెండూ చేరుడే గదా,
అని అడిగింది కేతావత్ ఇందు, ఎనుక బెంచి నుంచి.
నాకు తెలిస్తే గదా. రూలు, అన్న.
రూలు అంటే తెల్వదు అనుడే,
జర గొంతు పెద్దగ చేసి.

ఇయ్యాల ఆమె పేపరే చేతికొచ్చింది.
మై మదర్ ఈజ్ వెయిటింగ్, గీత, మీ.
ఆ గీత మీద ఆన్ అని రాసింది,
గుండ్రంగ, కొట్టివేత లేకుండ.
అమ్మ నా మీద వెయిటింగ్.
సున్నా చుట్టబోయి ఆగిన.
పిల్ల మీదనే పాణమంతా పెట్టుకున్నది అంటం గదా మనం.
ఆగిన గని,
సున్నానే వేసిన.
పదో తరగతి పేపర్ దిద్దేటోడు నా లెక్క ఆగడు.

తెల్లారి పిలిచి అడిగిన:
మీ తండాల, మీ బోలిల
ఫలానా మనిషి కోసం ఎదురుచూస్తున్న అనాల్నంటే
ఎట్లంటరు?
నోరు తెరిచి మళ్ల మూసుకున్నది.
ఇంగ్లీషు సారు ఇది అడుగుతడని అనుకోలేదు.
నేనూ అనుకోలేదు.
పదకొండేండ్ల సంది ఈ బడిల
రోజూ పొద్దున హాజరు పట్టీల
కేతావత్, నేనావత్, రమావత్ అని పిలుస్తున్న,
ఒక్క మాట అడగలేదు.

చెప్పింది.
రెండుసార్లు చెప్పించుకున్న.
డైరీల తెలుగు అక్షరాలతోని రాసుకొని
పైకి చదివిన.
చదువంగనే చున్నీ అడ్డం పెట్టుకొని
ఒకటే నవ్వు, బల్ల పట్టుకొని నవ్వు.
లాఫింగ్, అన్న, గీత, మీ?

ఎట్, సార్, అన్నది
నవ్వు ఆపకుండనే.