గుడ్లబండి బ్రేకు

ముందు బ్రేకు పిసికితే
కీచుమని ఇనుము ఇనుముతోని కొట్లాడుతున్నది
నాలుగు దినాల సంది.
ఇయ్యాల అచ్చంపేటల, లింగాల రోడ్డు మొగదల,
సత్తార్ దుకాణం ముందట బండి ఆపిన.
ఆపిన అంటున్న గానీ
నేను కాళ్లు నేలకు రాసినంక, దానంతట అది ఆగింది.

వెనక ఎనిమిది అట్టల గుడ్లు.
రెండు వందల నలభై ప్రాణాలు అనను.
ఫారం గుడ్లల్ల ప్రాణముండదు,
అప్పు ఉంటది.

సత్తార్ కాలిపర్ ఇప్పి
పాత ప్యాడ్లు నా అరచేతిల పెట్టిండు.
తునికాకంత మందం మిగిలినయి.
"ఇంకో రెండు మలుపులు తిరిగితే
డిస్కును తినేటియి," అన్నడు.

లోపటికెల్లి రెండు డబ్బాలు తెచ్చి
గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టిండు.
ఒకటి కంపెనీది, ఆరు వందల నలభై.
మెరిసే బిళ్ల అతికించి ఉన్నది,
అటు వంచితే నీలం, ఇటు వంచితే పచ్చ.
ఇంకోటి నూటెనభై.
డబ్బా మీద పులి బొమ్మ,
అడవిల ఉన్న పులికన్న ఎర్రగున్నది.

"డూప్లికేటా?" అన్న.
సత్తార్ మొఖం చిన్నబోయింది.
"డూప్లికేట్ అంటే కంపెనీ పేరు దొంగిలించింది.
ఇది దాని పేరు అదే చెప్పుకుంటది.
వేరేది అను. నకిలీ అనకు."
పదకొండేండ్లు షోరూంల పనిచేసి
చేతిల కాయిదం లేదని బయటికొచ్చినోడు.
ఆ మాట ప్యాడ్ల గురించే అన్నడో కాదో.

నేను లెక్కల పడ్డ.
గుడ్డుకు నలభై పైసలు మిగులుతయి నాకు.
నడుమ తేడా నాలుగొందల అరవై, అంటే
పదకొండొందల యాభై గుడ్లు.
ముప్పై ఎనిమిది అట్టలు, పైన పది.
అన్నీ మోసి, ఒక్కటి పగలకుండ అమ్మితే
ఆ మెరిసే బిళ్ల ముచ్చట తీరుతది.
అగ్గువదైతే
ఒక్క అట్ట దించిపోతే చెల్లు.

"నీ బండికి ఏమేసినవ్?" అని అడిగిన.
నవ్విండు.
"అగ్గువదే. నేను పోయేది
ఇంటికెల్లి దుకాణం, దుకాణంకెల్లి మజీదు.
నడుమ ఒక్క స్పీడుబ్రేకరు.
నువ్వు యాడిదాక పోతవ్?"

నేను పోయేది మన్ననూరు.
పొద్దున గేటు లేస్తే
ఆడికెల్లి వటవర్లపల్లి.
వానకు తడిసిన దిగుడు,
ఎదురుంగ శ్రీశైలం బస్సు,
దాని వెనక కనపడని ఇంకో బస్సు.
చల్లటి డిస్కును అగ్గువది మంచిగనే పడతదంట,
దిగుడుల కాగినంక జారతదంట.
"జారతదని చెప్తలేను," అన్నడు సత్తార్,
"జారదని చెప్పలేను."

నాలుగు వందలు చేతిల పెట్టిన.
ఒక అట్ట దించిన, నూటెనభై.
ఇంకా అరవై బాకీ.
గ్రీసు వేలితోని గోడకు ఒక గీత గీసుకున్నడు.
వెనక చక్రం సంగతి నేనూ అడగలే, ఆయనా చెప్పలే.

పాత ప్యాడ్లు జేబుల ఏసుకున్న.
కొన్ననాడు బెల్లం బిళ్లంత మందం ఉండె.
ఆ మందమంతా యాడ పోయింది?
పిల్లను కడుపుకు కరుచుకొని
రోడ్డుకడ్డంగ కూసున్న కొండముచ్చు కాడ కొంత.
తేనె సీసా ఎత్తి చూపిన చెంచు పిలగాని కాడ కొంత.
ఫరహాబాద్ మలుపుల, మంచుల,
ఏమీ లేని కాడ, ఏదో ఉన్నదనుకొని, కొంత.
ఆగినప్పుడల్లా ఇంత నల్లపొడి రాలి
అడవి మన్నుల కలిసింది.
పోయిన దూరం మీటరు చెప్తది.
ఆగిన సంగతి ఎరిగినయి
ఈ రెండు రేకులే.

"కొత్తయి, కుదురుకునే దాక మెల్లగ పో,"
సత్తార్ వెనకనుంచి ఒర్రిండు.
ఊరు దాటకముందే ఒకసారి పిసికి చూసిన,
ఏ అడ్డమూ లేకుండనే.
కీచుమనలే.
ఏడు అట్టల్ల ఒక్క గుడ్డు కూడ కదలలే.
వెనక వచ్చే ఆటోవోడు మాత్రం
మా అమ్మను తిట్టుకుంట పోయిండు.