కొసరు

గురువారం పొద్దున తలుపులు తీసేసరికి
బంగాళదుంపల బస్తాలకీ బట్టల సబ్బుపొడికీ మధ్య
ఒక కారు ఉంది.
రాత్రి ముందరి అద్దాలు విప్పి లోపలికి తోశారట.
చక్రాల కింద పరిచిన అట్టల మీద
అరటిపళ్ల కంపెనీ బొమ్మ ఇంకా కనిపిస్తూనే ఉంది.

వెల తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
ఎందుకంత లెక్కగా అని అడిగితే
మేనేజరు ఒన్నో నవ్వాడు:
"నీ గల్లాకి నాలుగంకెలే వచ్చు హిల్కా."

రంగు ఒకటే. తెలుపు.
అద్దానికి వేలాడే చీటీ మీద చారలు.
చీటీ తెచ్చి నా బల్ల మీద పెడితే
నేను గాజు మీద తిప్పాలి, అది కుయ్యిమనాలి,
వెన్నకి కుయ్యిమన్నట్టే.
బండి వచ్చే నెల ఎమ్డెన్ రేవు నుంచి వస్తుంది.
బేరం లేదు, కాఫీ లేదు,
కూర్చోడానికి కుర్చీ కూడా లేదు.

తొమ్మిదింటికి ఫోల్కర్ట్ వచ్చాడు, రొట్టె కోసం.
లేర్ ఊళ్లో వంతెన పక్కన ముప్పై ఒక్కేళ్లు
కార్లు అమ్మిన మనిషి.
ఆ షోరూంలో ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.

మా నాన్న ఆయన దగ్గరే కొన్నాడు.
మూడు సాయంత్రాల బేరం,
సాయంత్రానికి మూడు కప్పుల టీ,
కప్పు అడుగున కలకండ చిటపటమనేది.
మూడో రోజు మూడో కప్పుకి
ఫోల్కర్ట్ నిట్టూర్చి వంద మార్కులు తగ్గించి
కొసరుగా నాలుగు రబ్బరు మ్యాట్లు పడేశాడు.
కారు గురించి కాదు,
ఆ మ్యాట్ల గురించే నాన్న ఊరంతా చెప్పుకున్నాడు,
పక్కింటి హయో అదే కారు
ఇంకో మూడొందలు తక్కువకి కొన్నాడని తెలిసేదాకా.

నాన్న పోయాక అమ్మ ఒక్కతే వెళ్లింది.
ఆమెకి టీ ఒక కప్పే వచ్చింది.
రాసి ఉన్న వెల రాసి ఉన్నట్టే కట్టి వచ్చింది.
నోరున్నవాడికో ధర, లేనివాడికో ధర.
అందుకే ఆ తొమ్మిదుల వరసని
నేను పూర్తిగా తిట్టలేను.

తాలెయా ఆస్పత్రిలో రాత్రిపూట నేలలు తుడుస్తుంది.
బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది,
ముట్టుకుంటే డబ్బులడుగుతారేమో అన్నట్టు.
ఫోల్కర్ట్ చంకలో రొట్టె అలాగే ఉంది.
చెయ్యి మాత్రం తనంతట తనే వెళ్లి తలుపు తీసింది.
"మూసి చూడండి. చప్పుడు వినండి.
డబ్బా మోత కాదు, పుస్తకం మూసినట్టుండాలి."
ఆమె మూసింది. ఇద్దరూ విన్నారు.
"ఫరవాలేదు," అన్నాడు, కొంచెం బాధగా.
"స్టెప్నీ ఉండదు. నురుగు సీసా ఒకటిస్తారు.
దాన్ని నమ్ముకోకండి."
"మీరిక్కడ పని చేస్తారా?"
"లేదమ్మా. రొట్టె కోసం వచ్చాను."

బల్ల మీద పెరుగు, పిల్లి తిండి, చీటీ.
మూడూ కలిపి కొడితే గల్లా మొరాయించింది,
ఐదో అంకెకి చోటెక్కడ?
కారుకొక రసీదు, పిల్లికొక రసీదు.
అలవాటున అడిగేశాను: "సంచీ కావాలా?"
వరసంతా నవ్వింది.
తాలెయా నవ్వలేదు. ఆమె వేలు
రహస్య అంకెల్లో మూడోదాని దగ్గర ఆగి ఉంది,
ఏడేళ్ల రాత్రులు ఆ వేలి వెనక నిలబడి ఉన్నాయి.

తర్వాత ఫోల్కర్ట్. రొట్టె, ఒకటీ పంతొమ్మిది.
"తగ్గిస్తావా?" అన్నాడు.
"నా చేతిలో లేదు," అన్నాను.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వానలోకి వెళ్లాడు.

పది నిమిషాలకి మళ్లీ వచ్చాడు,
తన పాత బండి డిక్కీలోంచి తీసిన
నాలుగు నల్ల మ్యాట్లు, ప్లాస్టిక్ కూడా విప్పనివి.
"ఆవిడ కారొచ్చిన రోజు ఇవ్వు."
తిప్పి చూశాను. ఎక్కడా చారలు లేవు.
గల్లాకి వాటిని ఎలా చెప్పాలో తెలియదు.

వారం నుంచి నా కుర్చీ కింద ఉన్నాయి.
మధ్యాహ్నం హీటరు వేడికి
నాన్న కారు వాసన వస్తుంది.
నిన్న దుకాణం మూశాక
టేపు తెచ్చి కొలిచాను.
రెండు వేళ్లు ఎక్కువ. ఆ తెల్ల కారుకి పట్టవు.

ఫోల్కర్ట్‌కి ఇంకా చెప్పలేదు.
కత్తెర వెతుకుతున్నాను.