బెల్లం చెవులు

రాత్రి డ్యూటీ దిగి
టికెట్ల మిషను మద్దిలపాలెం డిపోలో అప్పజెప్పి
ఖాకీ చొక్కా మీదే చున్నీ కప్పుకుని
బీచి రోడ్డుకొచ్చేసరికి అయిదున్నర.
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు ఇంకా తిరుగుతోంది.

జిలానీ అప్పటికే బెల్లం ముందరికాలెత్తి
డెక్కలో ఇసుక గోకుతున్నాడు.
అనకాపల్లి పాకం రంగు గుర్రం అది,
చూసినవాళ్ళెవరైనా ఆ పేరే పెడతారు.
ఇద్దరిలో ఒక్కరూ నన్ను పలకరించలేదు.
కొక్కెం మాత్రం చేతికిచ్చాడు:
"మిగతా మూడు కాళ్ళూ నీవే."

ఆషాఢంలో పడ్డాను.
సబ్‌మెరైన్ ఎదర, ఆదివారం సాయంత్రం
ఎవరి పిల్లాడి చేతిలోనో బుడగ పేలింది.
అంతే.
గుర్రం ఎడమకి, నేను కుడికి,
మధ్యలో బోలెడంత ఆకాశం.
కేజీహెచ్‌లో భుజానికి కట్టు కడుతూ కుర్ర డాక్టరడిగాడు,
"నలభయ్యారేళ్ళకి గుర్రమేటమ్మా?"
చిల్లర లేనప్పటి మొహం పెట్టాను.

ఇరవై రెండేళ్ళు వెనక తలుపు దగ్గర నిలబడి
ఊరంతా తిరిగినదాన్ని.
తాడు లాగి గంట కొట్టేదాన్నే గానీ
మలుపు తిప్పింది ఎప్పుడూ ఇంకొకరే.
ఇదంతా ఆ కుర్రాడికేం చెప్తాను?

ఎముక కార్తీకానికి అతుక్కుంది.
భయానికి ఎక్స్‌రే లేదు.

పూర్ణా మార్కెట్లో వంద బుడగల పేకెట్టు కొన్నాను.
వంటింట్లో కూర్చుని రోజుకొకటి ఊది
పిన్నీసు గుచ్చాను.
మొదటి వారం, గుచ్చకముందే కళ్ళు మూతపడేవి.
పక్కవాటా మంగతాయారు గోడ మీంచి అడిగింది,
పుట్టినరోజెవరికని.
నాకే అన్నాను.

తర్వాత ఇసుకలో, బెల్లంతో.
జిలానీ మనవడు ఇరవై బారల దూరాన ఒకటి పేల్చాడు.
అది ఉలిక్కిపడింది, నేనూ.
దానికో బెల్లం ముక్క, నాకో ముక్క.
పదిహేను బారలు. పన్నెండు.
ఒకరోజు ఎనిమిదికొచ్చి మళ్ళీ ఇరవైకి పోయాం.
"ఎనక్కెళ్ళడం కూడా దారే,
బస్సు రివర్సు చెయ్యవేటి?" అన్నాడు ముసలాడు.

ఇంకోటి కూడా అన్నాడు:
"భయం లేనట్టు నటించకు,
నీ తొడల్లోంచి దానికి తెలిసిపోద్ది.
ఊపిరి ఒదిలెయ్. బిగపట్టిన ఊపిరే పడేస్తాది."
"సింహాచలం కొండెక్కే బస్సులో
ఏటి పట్టుకుని నిలబడతావు?"
ఏటీ పట్టుకోను.
"మరి ఇక్కడ జూలెందుకు పీకుతావు?"

అవును. మోకాళ్ళకి ఆ మలుపులన్నీ తెలుసు.
వాటినెవరూ అడగలేదింతవరకూ.

ఇవాళ జీను నేనే కట్టాను.
పట్టీ కింద రెండు వేళ్ళు దూరాయి.
అయినా నమ్మలేదు,
పొట్ట ఉబ్బించి మోసం చేస్తుందీ దొంగది.
పదడుగులు నడిపించి మళ్ళీ బిగించాను.
రికాబు పొడుగు నా చేత్తో కొలిచాను.
హెల్మెట్ బకిలు "టక్" మంది.
బోర్లించిన చేపల ట్రే మీదికెక్కి
కాలు వేశాను. జారింది.
మళ్ళీ వేశాను.

పైనుంచి సముద్రం కొంచెం పెద్దదిగా ఉంది.
జాలరిపేట వైపు పడవలు ఒడ్డెక్కుతున్నాయి.

అప్పుడే పోర్టులో ఓడ కూత.
పొడుగ్గా, పొట్టలోంచి.
బెల్లం చెవులు రెండూ వెనక్కి తిరిగాయి,
నా వైపు.
పరిగెత్తనా అని కాదు,
నువ్వేమంటావని.
ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఊపిరి వదిలాను.
మడమలు కిందికి వాటంతటవే దిగాయి.
ఒక చెవి ముందుకెళ్ళింది.
రెండోది కాసేపు ఆలోచించి అదీ వెళ్ళింది.

జిలానీకి వినపడకూడదని
మెల్లగా అన్నాను:
"రైట్... రైట్."

అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.
విన్నాడన్నమాట.