నాలుగు గంటల సగటు

నెలంతా ఎంత పొదుపుగా బతికినా
బిల్లు దానికి కాదు.
ఏ నాలుగు గంటల సగటు అన్నిటికన్నా ఎత్తుకు లేచిందో
ఆ ఒక్క శిఖరానికి.
మిగతా ఏడువందల చిల్లర గంటలు
ఎవరూ వెలకట్టని బుద్ధిమంతులు.

ఆ బిల్లు మీద సంతకం పెట్టేది నేను.
ఎస్బియెర్ రేవు పట్నంలో, బీమా కంపెనీ మూడో అంతస్తులో,
ఓర్హూస్ నుంచి బదిలీ మీద వచ్చిన ఖర్చుల అధికారిని.
గీతను కాపు కాసేది బోడిల్ థ్యూగెసెన్,
కింది అంతస్తులో, ఇరవయ్యారేళ్ళుగా.
ఆవిడ మెయిన్‌ఫ్రేమ్ ఒక నల్లటి బీరువా.
పశ్చిమ తీరపు ఇళ్ళ కప్పులన్నీ
అందులో పాలసీ నంబర్లై పడుకుంటాయి.

రాత్రి పనుల్ని ఆవిడ
ఒకే స్నానాలగది ఉన్న ఇంట్లో పిల్లల్ని లేపినట్టు
ఒక్కొక్కటిగా లేపుతుంది.
పదిన్నరకి వడ్డీ లెక్కలు.
అవి ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చాక నోటీసుల ముద్రణ.
ఒకసారి యెప్పె అనే కుర్రాడు ఇండెక్స్ మరిచి రాసిన ప్రశ్న
ఉంగరం కోసం గడ్డివాము విప్పినట్టు
డేటా మొత్తం గాలించింది, రెండు గంటలసేపు.
ఆవిడ తిట్టలేదు.
ఆ రెండు గంటల ఖరీదు చీటీ మీద రాసి
అతని కాఫీ కప్పు కింద పెట్టింది.
చీటీ ఇప్పటికీ అతని సొరుగులో ఉందట.

గీత హద్దు దాటకుండా ఒక మూత ఉంటుంది.
సగటు దాన్ని తాకిందా,
యంత్రం తనంతట తనే నడక తగ్గిస్తుంది.
డబ్బు మిగులుతుంది. ఎవరో ఎక్కడో ఎదురుచూస్తారు.
మూత ఎత్తాలంటే నా అనుమతి కావాలి.
ఆ నిబంధన రాసిందీ నేనే, వచ్చిన రెండో వారంలో,
చాలా చక్కటి భాషలో.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు.
తెలిసినట్టు అంకె వెయ్యడమే ఆవిడ ఉద్యోగం.
నవంబరుకి వేసిన అంకె సరిపోయేదే,
గాలి రాకపోతే.
మూడింటికి ఫానో దీవి పడవలు ఆపేశారు.
ఐదింటికి ఫోన్లు మొదలయ్యాయి.
ఆరూ పదికి సగటు మూతను తాకింది.

డిసెంబరులో కాగితం పట్టుకుని కిందికి దిగాను.
ముప్పై ఒక్క శాతం ఎక్కువ, సంజాయిషీ కావాలన్నాను.
ఆవిడ రెండు కాగితాలు కిటికీ అద్దానికి ఆనించింది,
ఒకదాని మీద ఒకటి.
ఒకటి మా గీత. రెండోది రేవులో గాలి కొలిచే పరికరానిది.
ఒకటే వంపు. మాది నలభై నిమిషాలు వెనక.
"ఆ నలభై ఏమిటి?"
"కప్పు ఎగిరిపోయాక
మనిషికి మన నంబరు గుర్తు రావడానికి పట్టే సమయం."

మూత ఎవరెత్తారు?
"నేనే."
నన్ను అడగాలి కదా.
ఆవిడ ఫోను నా వైపు తిప్పింది.
ఆరూ పన్నెండు. ఆరూ పదిహేను. ఆరూ పంతొమ్మిది.
మూడుచోట్లా నా పేరు.
ఆ వేళకి నేను వేడినీళ్ళ తొట్టిలో పడుకుని
గాలి చప్పుడు వింటున్నాను,
బాగుంది అనుకుంటూ.

మనిషికీ ఇదే పద్ధతిలో బిల్లు వేస్తే,
అనుకుని, ఆ లెక్క అక్కడే ఆపేశాను.

ఫారంలో 'కారణం' అనే గడి.
జాబితాలో పద్నాలుగున్నాయి, గాలి లేదు.
'ఇతరములు' నొక్కి సంతకం పెట్టాను.
వెళ్ళబోతుంటే అడిగింది: "జనవరికి ఎంత వేసుకుందాం?"
బయట క్రేన్లు కదలకుండా నిలబడి ఉన్నాయి.
ఫోను దగ్గరే పెట్టుకుంటానన్నాను.
ఆవిడ అది ఎక్కడా రాసుకోలేదు.