మినిట్స్ పుస్తకంలో ఎక్కనివి

పులియంతోపులో మా తెలుగు సంఘానికి
పద్దెనిమిదేళ్లుగా నేనే కార్యదర్శిని.
ఎవరి పెళ్లి ఏ తేదీన, ఎవరి బాప్తిస్మం ఏ వానలో,
ఎవరు ఎన్ని నెలలు ప్రభుబల్లకు దూరం,
అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి.

ఆ శనివారం ఒకటే అంశం:
సువార్తమ్మ, కార్పొరేషన్ పారిశుధ్య కార్మికురాలు,
తుపాను రాత్రి
అధికారం లేకుండా బల్ల ఇచ్చినది.

నీళ్లు నడుముదాకా ఉన్నాయట.
హౌసింగ్ బోర్డు రెండో అంతస్తులో ఏలీషా ఊపిరి
ఎండిన చేతిపంపులా గురగురమంటోందట.
"బల్ల తీసుకుని పోతా, అయ్యగారిని పిలువు" అన్నాడట.
అయ్యగారు మాధవరంలో. ఫోన్లు చచ్చిపోయాయి.
ఇంట్లో ఉన్నది నిన్నటి బన్ను, సగం గ్లాసు డికాక్షన్.
విరిచింది. ఇచ్చింది.
ఏ మాటలు పలికావని పెద్దలడిగితే
"మాటలు గుర్తులేవయ్యా. చెయ్యి వణికింది, అదే గుర్తు."

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడొకాయన.
ముప్పై ఏళ్లు పట్నం చెత్త ఎత్తిన చేతులు
మెల్లగా కొంగులోకి వెళ్లిపోయాయి.
ఆ ప్రశ్న నేను మినిట్స్‌లో రాయలేదు.

అయ్యగారు చెడ్డవారు కారు.
పెరంబూరు కార్ఖానా నుంచి నేను
జీతం బదులు సారా వాసన ఇంటికి తెచ్చే రోజుల్లో
నా చొక్కా పట్టుకుని "రేపటి నుంచి ముట్టవు" అన్నారు.
బతిమాలలేదు. ఆజ్ఞ.
లోబడ్డాను. లోబడి బతికాను.
అప్పటికి నా స్వేచ్ఛ మొత్తం సీసా మూతంత ఉండేది,
అది ఆయన గుప్పిట్లో పెట్టేసి
తేలిగ్గా ఇంటికి నడిచాను.
అందుకని నాకు కాడి అంటే భయం లేదు.
అలవాటైన మెడకు నొప్పి ఉండదు,
కాయ ఉంటుంది.

"అందరూ నీలాగే ఇంటికొక బల్ల వేసుకుంటే
సంఘం ఏం కావాలమ్మా?" అన్నారు అయ్యగారు, నెమ్మదిగానే.
అది మంచి ప్రశ్న.
ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

సువార్తమ్మ చాలాసేపు గచ్చు చూసింది.
తర్వాత, చీపురు అరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది:
"నా డ్యూటీ పార్కులో అయ్యా.
చుట్టూ కంచె. గేటుకు తాళం. వాచ్‌మన్ను. పూలు కొయ్యరాదని బోర్డు.
ఏదెను తోటలో ఆ చెట్టుకు
ఇవేవీ ఎందుకు పెట్టలేదా అని ఊడుస్తా ఆలోచిస్తుంటా.
దేవుడికి ముళ్లకంప దొరక్కనా?
వద్దని చెప్పాడు. చెప్పి పక్కకు తప్పుకున్నాడు,
చెయ్యి చాపితే అందే ఎత్తులో కొమ్మ వదిలేసి.
కత్తి కాపలా పెట్టింది మనం బయటికొచ్చాకే గదా.
మీరు కూర్చోమన్న బెంచీలో కూర్చుంటా.
క్షమాపణ కాయితం మీద మాత్రం వేలిముద్ర వెయ్యను.
తప్పో కాదో ఆయనా నేనూ మాట్లాడుకుంటాం."

తీర్మానం: ఆరు నెలలు. ఏకగ్రీవం.
నా చెయ్యి కూడా లేచింది.
లేచాక, నాదేనా అని చూసుకున్నాను.

మొదటి ఆదివారం.
చివరి బెంచీ, చెప్పులు విడిచే చోటు.
రొట్టె పళ్లెం ఆ వరసకు మోసేది నేనే.
ఆమె ముందు ఒక్క క్షణం కాళ్లు ఆగాయి.
చెయ్యి చాపితే అందే ఎత్తులోనే ఉంది పళ్లెం.
ఆమె చాపలేదు.
నేను వంచలేదు.
ఫ్యాను మాత్రం తిరిగింది.

రాత్రి రిజిస్టరు తెరిచాను.
సువార్తమ్మ పేరు ఎదుట ఎర్ర సిరాతో తేదీ వేశాను.
"కారణం" అన్న గడి ఖాళీగానే ఉంది,
కలం రెండుసార్లు దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

పేజీలు వెనక్కి తిప్పి
ఏలీషా, వయసు డెబ్బై ఒకటి, ప్రభువునందు నిద్రించెను,
అన్నచోట పక్కన రెండు మాటలు చేర్చాను:
"బల్ల తీసుకొని."

పెన్సిల్‌తోనే,
ఇంకా.