ఇలస

యానాం రేవులో ముసురు.
ప్లాస్టిక్ పట్టా కింద పెసంగి పోలమ్మ
చేప కడుపు మీద బొటనవేలు నొక్కి
"ఇలసమ్మా" అంది.
పక్క బుట్టవాడు ఇందాకే
దీని అక్కని పులసని చెప్పి
పద్దెనిమిది వేలకి అమ్మేశాడు.

నా సంచిలో ఒక గ్రాఫు.
వెంట్రుకలో వెయ్యోవంతు తీగ,
దాని మీద అల్యూమినియం పూత,
చుక్కల మధ్య చీకటి కన్నా చలి.
సున్నా ఓల్టుల దగ్గర
కొబ్బరి మొవ్వలా నిటారుగా ఒక శిఖరం.

తీగ రెండు కొసల్లో
సగం సగంగా కాపురముండే కణం
ఉంటే ఇలాగే కనిపిస్తుంది.
లేకపోయినా, లోపల ఎక్కడో
ఒక మురికి మడత ఉంటే చాలు,
ఇలాగే కనిపిస్తుంది.

"మరి పులసని ఎలా పోలుస్తావు?"
"ఏటికి ఎదురీదిందో లేదో సూడాలి.
మొప్ప ఎర్రగుంటే సరా?
కొవ్వు సూడు, తోక సూడు.
తలకాయ చెప్పిందే తోకా చెప్పాలి."
"చెప్పకపోతే?"
"ఇలసని అమ్ముకోడమే. అదీ కూరేగా!"

ఫోను. భాష్యం గారు.
"పేరు కూడా పెట్టేశాను, పంపేద్దామా?"
పట్టా మీద వాన చప్పుడు.
"వినపడట్లేదండీ" అన్నాను.
వినపడుతూనే ఉంది.

ఆర్నెల్ల రాత్రుళ్ళు ఒక్క కొసనే కొలిచాం.
రెండో కొసకి ఇంకా తీగైనా అతికించలేదు.

పన్నెండొందలిచ్చాను.
చిల్లర చీరచెంగున ముడేసుకుని
పోలమ్మ నా సంచి వంక చూసింది:
"చుట్టడానికి
కాగితమేదన్నా ఉందా?"