పసుపు చీటీలు

పదిహేను రోజులకోసారి మా పడవ
చిలోయే దీవుల మధ్య తిరుగుతుంది.
అల తన్నితే పుస్తకాలు ఒళ్లో పడకుండా
అరలకు తాళ్లు కట్టి ఉంటాయి.
నడిపేది నోల్బెర్తో. ఇచ్చేదీ పుచ్చుకునేదీ నేను.

ప్రతి పుస్తకం వెనకా ఒక పసుపు చీటీ.
"చదివాక మీ అభిప్రాయం" అని పైన అచ్చులో,
కింద మూడంటే మూడు గీతలు.
కాస్త్రో ఆఫీసు వాళ్లకు కావలసింది ఒక్క మాటే:
బాగుంది, లేదా బాగాలేదు.
మా వాళ్లకు ఒక్క మాటతో సరిపోయేట్టుంటే
ఇంత వాన ఎందుకు కురుస్తుంది ఇక్కడ?

ఎలుగుబంటి బొమ్మల పుస్తకం. కెనాక్ దీవి, ఏడేళ్ల ఇరీనేయో:
"చివరి పేజీలో కూడా ఎలుగు నిద్రపోలేదు.
మరి నన్నెలా పడుకోమంటారు?"
కింద వాళ్లమ్మ, పెన్సిల్ ములుకు విరిగేంత ఒత్తి:
"ఇలాంటివి ఇంకోసారి ఇవ్వకండి."
ఆ కిందే, గీత దాటి, మళ్లీ వాడు:
"ఇవ్వండి."

లెక్కల పుస్తకం, ఆరో తరగతి:
"రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తాయట.
మా దీవిలో రైలు లేదు. పడవలు పెట్టుకున్నాను.
గాలి ఎటు వీస్తోందో పుస్తకంలో ఇవ్వలేదు.
అందుకే జవాబు రాలేదు. తప్పు నాది కాదు."
పేరు లేదు. 'కాదు' కింద రెండు గీతలు చూసి
బార్రియా వాళ్ల రెండో అమ్మాయని పోల్చుకున్నాను.

కంప్యూటర్ నేర్పే పుస్తకం:
"మాకు కరెంటు రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకానే.
తక్కినదంతా కొవ్వొత్తి దగ్గర చదివాను.
పొల్లు పోకుండా అర్థమైంది.
ఇక ఆ యంత్రం ఎలా ఉంటుందో ఒకసారి చూపించండి."

డీజిల్ ఇంజన్ మరమ్మతుల పుస్తకం
నాలుగు నెలలు తిరిగి రాలేదు.
వచ్చినప్పుడు చేపల వాసన, నూనె వేలిముద్రలు,
నూట పన్నెండో పేజీ లేదు.
చీటీలో ఎర్సీలియా కార్కమో:
"ఆ పేజీ నేనే చింపాను. ఇంజన్ పక్కన మేకేసి కొట్టాను.
రాసినాయన ఎన్నడూ పడవ ఎక్కినట్టు లేదు.
ఆ పేజీ రాసిన రోజు మాత్రం ఎక్కి ఉంటాడు."

జరిమానా ఎంతో పట్టికలో వెతికాను.
చిరిగిన పేజీకి ఉంది.
పనికొచ్చిన పేజీకి లేదు.

ప్రథమ చికిత్స పుస్తకం:
"నలభయ్యో పేజీలో వెంటనే డాక్టరును పిలవమన్నారు.
మాకు డాక్టరు నాలుగు గంటల దూరం, అదీ సముద్రం ఒప్పుకుంటే.
నలభై ఒకటో పేజీలో ఏముండాలో
మమ్మల్ని అడిగి ఉండాల్సింది."
పైకి చదువుతుంటే నోల్బెర్తో ఇంజన్ ఆపేశాడు.
ఆ చేతిరాత ఎవరిదో తనకు తెలుసు.
నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

బంగాళాదుంప తెగుళ్ల పుస్తకానికి
అభిప్రాయానికి బదులు ఊదారంగు దుంప వచ్చింది,
"ఇది మీ బొమ్మల్లో లేదు" అని దారంతో కట్టిన చీటీతో.
దుంప ఉడకేసుకున్నాం. చీటీ దాచాను.

ఇక అక్షరాల పుస్తకం.
ఓతీలియా మిల్యాకురా, డెబ్బై ఒక్క ఏళ్లు,
చలికాలమంతా పొయ్యి పక్కనే పెట్టుకుంది.
చీటీ మీద అక్షరాలు
ఒడ్డుకు లాగిన పడవల్లా తలో దిక్కుకీ ఒరిగి:
"ఞ పేజీలో వేసిన పక్షి మా వైపు తిరగదు.
ఞిర్రె చెట్టు వెయ్యొచ్చుగా. మా ఇంటి వెనకే ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ రాసిన మొదటి వాక్యం ఫిర్యాదు.
అందులో రెండు తప్పులున్నాయి.
ఎర్ర కలం నా జేబులోంచి బయటకు రాలేదు.

నెలాఖరు నివేదికలో గడిగడికీ అంకె కావాలంటారు.
పోయిన పేజీలు: ఒకటి, అని రాసి
కొట్టేసి, "వాడుకలో ఉంది" అని రాశాను.
ఎలుగుబంటి పుస్తకాలు ఇంకా ఉంటే పంపమన్నాను.
వాళ్లమ్మకు సంజాయిషీ నోల్బెర్తో చెప్పుకుంటాడట.

కెనాక్ దాటాక గాలి మారింది.
లెక్కల పుస్తకం తెరిచి,
ఆ రెండు రైళ్ల పక్కన పెన్సిల్‌తో రాసిపెట్టాను:
ఉత్తరం నుంచి, కాస్త గట్టిగానే.